నట్టు దగ్గర ఆగిన పసుపు గీత

బుధవారం ఉదయం తొమ్మిదీ పదికి తర్మిజీ వచ్చి ఒక నోటుపుస్తకం నా బల్ల మీద పెట్టాడు. కుర్చీలో కూర్చున్నాడు గానీ వీపు వెనక్కి ఆనించలేదు.

"సల్వానా సంచీలో దొరికింది. క్లెయిముకి పనికొస్తుందేమో చూడండి. తెరిచి చదవడానికి నాకు ధైర్యం చాల్లేదు" అన్నాడు.

సల్వానా అతని భార్య. ముప్పై నాలుగేళ్ళ టీచరు. ఈపో చుట్టుపక్కల బళ్ళన్నీ తిరిగి చిన్న క్లాసుల చదువులు ఎలా సాగుతున్నాయో చూడటం ఆమె ఉద్యోగం. ఊళ్ళో అందరూ చిక్గు సల్వానా అనేవాళ్ళు. టీచరమ్మ అన్నమాట. గత నెల పదిహేడో తారీకు, శుక్రవారం ఉదయం, కామెరన్ కొండెక్కే రోడ్డులో ఒక మలుపు దగ్గర ఆమె కారు ముందు ఎడమ టైరు పగిలింది. కారు రోడ్డంచున ఉన్న ఇనప కమ్మీ విరగ్గొట్టుకుని లోయలో పడింది. తర్మిజీ అప్పుడు సముద్రం మధ్యలో చమురు బావి మీద డ్యూటీలో ఉన్నాడు. అతను ఇల్లు చేరేసరికి మట్టి కప్పడం కూడా అయిపోయింది.

ఆ కేసు ఇన్సూరెన్సు కంపెనీ తరఫున చూసింది నేనే. నా పేరు సహారుద్దీన్. ఇరవై రెండేళ్ళు పోలీసుల్లో చేసి సార్జెంటుగా బయటికొచ్చాను. ఇప్పుడు ప్రమాదం వెనక అసలేం జరిగిందో తవ్వి తీసే పని. ఈ కేసులో తవ్వాను అని చెప్పుకోవడానికి నాకు నోరు రాదు. నుజ్జయిన ఆ కారు దగ్గర నేను గడిపింది నాలుగు నిమిషాలు. వాన పడుతోంది. టైరు పక్కన ఉన్న అంకెలు చదివి, ఫొటో తీసుకుని, వెళ్ళిపోయాను.

205/50, పదిహేడు. అవీ ఆ అంకెలు.

ఆ కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు ఉండే టైరు 185/55, పదిహేను. మొదటి అంకె టైరు వెడల్పు. రెండోది ఆ వెడల్పులో నూటికి ఎన్నో వంతు పక్కగోడ ఎత్తు. చివరిది చక్రం ఎన్ని అంగుళాలన్నది. షోకు కోసం చక్రం పెద్దది వేయించుకుంటే టైరు పక్కగోడ ఆ మేరకు పొట్టిది కావాలి. మొత్తం ఎత్తు పాతదానికి నూటికి మూడు పాళ్ళకి మించి తేడా రాకూడదు. పదిహేడు అంగుళాల చక్రానికి 205/40 వేస్తే తేడా రెండు పాళ్ళు. అదే 205/50 వేస్తే తొమ్మిది పాళ్ళు. అంత ఎత్తు టైరు, స్టీరింగు మొత్తం తిప్పినప్పుడు లోపల స్ప్రింగు కింద ఉండే ఇనప పళ్ళేనికి రాసుకుంటుంది. రాసుకుంటూ రాసుకుంటూ పక్కగోడ కోసుకుపోతుంది.

ఆ చక్రాలు బిగించింది తౌకే చియా టైర్ల దుకాణంలో. తౌకే అంటే ఇక్కడ దుకాణం యజమాని. బిల్లులో 205/40 అని ఉంది. బిల్లు ఒకటి రాసి, దుకాణంలో మిగిలిపోయిన వేరే టైర్లు తగిలించాడని రెండు పేజీల రిపోర్టు రాసి సంతకం పెట్టాను. అందులో ఒక పేజీ ఎవరో ఫోనుల్లో తిప్పారు. ముప్పై ఎనిమిదేళ్ళ దుకాణం నాలుగు రోజుల్లో మూతపడింది. షట్టరు మీద ఎవరో హంతకుడు అని రాశారు. డెబ్భై ఒక్కేళ్ళ మనిషి. గురువారం ఉదయం తొమ్మిదింటికి కోర్టులో హాజరు కావాలి. నేరం ఒప్పుకుంటానని ముందే చెప్పేశాడట.

అంటే రేపే.

నోటుపుస్తకం తెరిచాను. ఏ రోజు ఏ బడికి వెళ్ళిందీ, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందీ గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. ఇంటి నుంచి గోపెంగ్ బడికి వారానికి రెండు మూడు సార్లు వెళ్ళేది. ప్రతిసారీ మీటరు సున్నాకి పెట్టి, బడి గేటు దగ్గర చూసుకుని రాసేదిట.

నెలల తరబడి ఒకటే అంకె. 24.1. మళ్ళీ 24.1.

నాలుగో తారీకు తర్వాత 23.6.

"చక్రాలు మార్పించింది ఎప్పుడు?" అన్నాను.

"నాలుగో తారీకు శనివారం. నేనూ వెళ్ళాను తౌకే దగ్గరికి. మర్నాడు డ్యూటీకి వెళ్ళిపోయాను."

"ఎవరి ఆలోచన?"

"హైరిల్‌ది. ఆమె తమ్ముడు. వాడి బండికి ఉన్నవి కూడా అవే రిమ్ములు. నీ కారుకీ వేయించు కాక్, మొహం మారిపోతుంది అని అక్క వెంటపడ్డాడు. ఆమెకి వాడి మాటంటే..." అని ఆగిపోయాడు.

పేజీ తిప్పాను. పదమూడో తారీకు 23.6. పదిహేనో తారీకు, బుధవారం, 22.1. గురువారం కూడా 22.1.

పెన్సిలు తీసుకుని లెక్క వేశాను. రెండోసారీ వేశాను. టైరు ఎత్తు పెరిగితే ఒక్కో చుట్టుకి కారు ఎక్కువ దూరం పోతుంది. మీటరు పాపం చుట్లే లెక్కపెడుతుంది కాబట్టి తక్కువ చూపిస్తుంది. రెండు పాళ్ళు పెద్ద టైరైతే 24.1 దారి 23.6 అవుతుంది. తొమ్మిది పాళ్ళయితే 22.1.

నాలుగో తారీకున తౌకే వేసింది సరైన టైరే. పదమూడుకీ పదిహేనుకీ మధ్య ఎవరో వాటిని తీసేసి వేరేవి పెట్టారు.

"పధ్నాలుగో తారీకు మంగళవారం మీ ఇంటికి ఎవరొచ్చారు?"

"నేను సముద్రంలో ఉన్నానండీ" అన్నాడు తర్మిజీ. ఆ మాట అతను చాలామందితో చాలాసార్లు చెప్పుకుని ఉంటాడు.

*

పదీ యాభైకి పోలీసు యార్డులో ఉన్నాను. గేటు దగ్గరే ఇన్‌స్పెక్టర్ హర్‌చరణ్ ఎదురయ్యాడు. కేసు అతనిదే. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఇద్దరం ఒకే ప్రమోషన్ కోసం పరీక్ష రాశాం. అది అతనికి వచ్చింది. ఒక చేతిలో కర్రీ పఫ్, ఇంకో చేతిలో ఫైలు.

"ఏం సార్జెంట్, దారి తప్పావా?"

"ఆ కారు ఇంకోసారి చూడాలి."

"ఎందుకు? నీ రిపోర్టు నా ఫైల్లో మొదటి కాయితం. ఎంత చక్కగా రాశావు! మేజిస్ట్రేటు కూడా మెచ్చుకుంటాడు."

"తప్పు రాశాను."

నమలడం ఆపాడు. "రేపు తొమ్మిదింటికి హియరింగు. ముసలాయన ఒప్పుకుంటానంటున్నాడు. నువ్వేమో ఇవాళొచ్చి తప్పు రాశానంటున్నావు. నీ కంపెనీ వాళ్ళకి తెలుసా?"

"ఇంకా చెప్పలేదు."

"చెబితే ఉద్యోగం ఉంటుందా?"

"ఉండకపోవచ్చు. పది నిమిషాలు చాలు, హర్‌చరణ్."

అతను గడియారం చూసుకున్నాడు. "పదే. నేనూ పక్కనే ఉంటా. నువ్వేమైనా ముట్టుకుంటే చెయ్యి విరుస్తా."

కారు పక్కకి ఒరిగి రేకుల షెడ్డు కింద ఉంది. ఈసారి టైరు చూడలేదు. అంకెలు నాకు కంఠతా వచ్చు. మోకాళ్ళ మీద కూర్చుని చక్రం మధ్యలో నట్లు చూశాను.

తౌకే చియాకి ఒక అలవాటుంది. నట్టు సరిపడా బిగించాక, దాని మీద మొదలుపెట్టి రిమ్ము మీదికి వచ్చేలా పసుపు పెయింటుతో సన్నటి గీత గీస్తాడు. నట్టు కొంచెం వదులైనా గీత విరిగి కనిపిస్తుంది. పన్నెండేళ్ళుగా నా కారు టైర్లు ఆయనే వేస్తున్నాడు. ఆ గీతలు నేను ప్రతివారం కారు కడుగుతూ చూస్తున్నవే. రెండు వారాల క్రితం ఇక్కడ నిలబడ్డప్పుడు మాత్రం వాటి కోసం వెతకాలని తోచలేదు.

"ఇది చూడు" అన్నాను.

హర్‌చరణ్ తలపాగా సర్దుకుంటూ వంగాడు. "పసుపు రంగు. అయితే?"

"నట్టు మీద గీత ఉంది. అంచు దాకా వచ్చి ఆగిపోయింది. రిమ్ము మీద లేదు."

"తుడిచిపోయుంటుంది. లోయలో పడ్డ కారు ఇది, పెళ్ళికి ముస్తాబైంది కాదు."

"ఒక్కో చక్రానికి నాలుగు నట్లు. నాలుగు చక్రాలు. పదహారు. పదహారు చోట్లా రిమ్ము మీదే తుడుచుకుపోయి, నట్టు మీద మాత్రం మిగిలిందా?"

లేచి తనే నాలుగు చక్రాలూ చూసి వచ్చాడు. ఎనిమిది నిమిషాలు గడిచాయి. అతనేమీ గడియారం చూసుకోలేదు.

"నట్లు తౌకేవి" అన్నాను. "చక్రాలు కావు. ఎవరో ఇవే రకం రిమ్ములున్న మరో బండి నుంచి టైర్లతో సహా తెచ్చి మార్చారు. రిమ్ములు చూడ్డానికి ఒకేలా ఉన్నాయి కాబట్టి తౌకే కూడా ఫొటో చూసి తను బిగించినవేననుకుని ఉంటాడు. మిగిలిన సగం గీతలు ఇంకో కారు రిమ్ముల మీద ఉంటాయి."

"ఎవరి కారు?"

"సాయంత్రం ఆరింటికి తౌకే ఇంటికి రా. తీసుకొస్తాను."

హర్‌చరణ్ ఫైలు చంకలో పెట్టుకున్నాడు. గొంతులో వెటకారం లేదు. "ఇదంతా రెండు వారాల క్రితం కూడా ఇక్కడే ఉంది కదా, సహార్. అప్పుడెందుకు చూళ్ళేదు?"

అతను ఆ మాట తిట్టినట్టు అనలేదు. నిజంగానే అడిగాడు. వాన పడుతోందని చెప్పడానికి సిగ్గేసింది.

*

హైరిల్‌కి ఇరవై ఏడు. ఏసీలు బాగుచేసే చోట పని. తల్లితో కలిసి మేరు వైపు ఫ్లాట్లలో ఉంటాడు. ఒంటిగంటన్నరకి భోజనానికి ఇంటికొస్తాడని తర్మిజీ చెప్పాడు. కింద కార్లు పెట్టుకునే చోట నిలబడ్డాను. ఒక ఏడు సీట్ల బండి మీద బూడిద రంగు ముసుగు కప్పి ఉంది. ముసుగు మీద రాలిన ఆకులు ఎండిపోయి ఉన్నాయి. చాలా రోజులుగా ఎవరూ కదిపినట్టు లేదు.

హైరిల్ మోటారుసైకిలు మీద వచ్చాడు. నన్ను చూడగానే హెల్మెట్ తియ్యడం మర్చిపోయాడు.

"కారుంది కదా, ఎండలో మోటారుసైకిలు ఎందుకు?" అన్నాను.

"పెట్రోలు కలిసొస్తుందని, పాక్ చిక్" అన్నాడు, బాబాయ్ అని పిలిచినట్టు.

"ముసుగు తియ్యి బాబూ."

"ఇంజను బాగాలేదు. స్టార్టు కాదు."

"స్టార్టు చెయ్యమనలేదు. ముసుగు తియ్యమన్నాను."

కదల్లేదు. నేనే ముసుగు కొస పట్టుకుని మోకాలెత్తు పైకి లేపాను. పలచటి టైర్లు. 205/40. నట్లు మెరుస్తున్నాయి, వాటి మీద ఏ రంగూ లేదు. వాటి పక్కన రిమ్ము మీద మాత్రం చిన్న చిన్న పసుపు చారలు, మొదలు లేకుండా.

"మీ అక్క చక్రాలు ఇవి" అన్నాను.

అప్పుడు హెల్మెట్ తీశాడు. తీసి దాన్ని పొట్టకి హత్తుకుని నేల మీదే కూర్చుండిపోయాడు.

"దొంగతనం చెయ్యలేదు. అడిగే తీసుకున్నాను. ఆ ఆదివారం స్టేడియం దగ్గర కార్ల షో ఉండింది. నా టైర్లు లావు, బండి గొడుగులా పైకి నిలబడుతుంది. ఇవి వేస్తే నేలకి అంటుకున్నట్టు కిందికొస్తుంది. అయిదు రోజులు కాక్, ఆదివారం సాయంత్రం మళ్ళీ మార్చేస్తా అన్నాను. మంగళవారం సాయంత్రం వాళ్ళింటి ముందే మార్చాను. అక్క టార్చి పట్టుకుంది."

"ఏమీ అడగలేదా?"

"అడిగింది. నీవి నా కారుకి సరిపోతాయా అంది." హెల్మెట్ పక్కన పెట్టాడు. "రెండూ పదిహేడే కదా కాక్, ఒకటే సైజు అన్నాను. పాక్ చిక్, నేను నిజంగా ఒకటే అనుకున్నాను. చక్రం సైజే చూశాను. మిగతా అంకెలు చదవనేలేదు. బిగించాక స్టీరింగు తిప్పి కూడా చూళ్ళేదు."

"ఎప్పుడు తెలిసింది?"

"మీ రిపోర్టు ఫోనులో వచ్చినప్పుడు. 205/50 అని ఎర్ర గీత పెట్టి ఉంది కదా. కిందికొచ్చి నా బండి టైర్లు చూశాను. అప్పుడు తెలిసింది."

"తెలిసి రెండు వారాలు కావస్తోంది."

"అమ్మకి చెప్దామని రోజూ అనుకున్నాను. ఆవిడ రోజూ పొద్దున్నే సమాధి దగ్గరికి వెళ్ళొచ్చి, ఇంక నువ్వొక్కడివే మిగిలావురా అంటుంది. ఆ మాట విన్నాక నోరు పెగలదు. రెండు సార్లు తౌకే దుకాణం దాకా వెళ్ళాను. షట్టరు మీద రాసింది చదివి వెనక్కొచ్చేశాను. అది నా గురించి రాసిందే కదా. ఆయన షట్టరు మీద రాశారు."

తిడదామనే వచ్చాను. తిట్లు కూడా సిద్ధంగా ఉన్నాయి. అతను దాక్కున్న చాటు నా సంతకమేనని గుర్తొచ్చి ఊరుకున్నాను.

"రేపు పొద్దున ఆ పెద్దాయన చెయ్యని తప్పు ఒప్పుకోబోతున్నాడు. నాతో రా. ఆయన ఎదుట చెప్పు. ఇన్‌స్పెక్టర్ కూడా వస్తాడు."

"నన్ను పట్టుకుపోతారా?"

"తెలీదు. అబద్ధం చెప్పను. ముందు అమ్మతో చెప్పు. నేను ఇక్కడే కూర్చుంటాను."

పైకి వెళ్ళాడు. గంటన్నర పట్టింది. పైనించి ఒక్క కేక కూడా వినపడలేదు. కిందికొచ్చినప్పుడు చొక్కా మార్చుకుని ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. తల్లే ఇచ్చి ఉంటుంది.

*

తౌకే చియా దుకాణం పైనే ఉంటాడు. అయిదూ యాభైకి మెట్లెక్కాం. హర్‌చరణ్ అప్పటికే వచ్చి, మడత బల్ల దగ్గర కాఫీ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. చియా నన్ను చూసి కోప్పడతాడేమో అనుకున్నాను. కోప్పడితే బాగుండేది.

"సహార్, నీ వెనక కుడి టైరు అరిగింది. పోయిన నెలే మార్చాల్సింది" అన్నాడు. "ఇంకెక్కడైనా వేయించుకో. ఆలస్యం చెయ్యకు."

"తౌకే, నేను మీ గురించి రాసింది తప్పు" అన్నాను.

ఆయన చెయ్యి ఊపాడు. నా వెనక నిలబడ్డ హైరిల్‌ని చూశాడు. "చిక్గు తమ్ముడివా? అదే మొహం. కూర్చో."

హైరిల్ కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. మంగళవారం సాయంత్రం, టార్చి, రెండూ పదిహేడే కదా అన్న మాట, అన్నీ. హర్‌చరణ్ రాసుకుంటున్నాడు. చెప్పడం అయ్యాక హైరిల్ క్షమించమన్నట్టు రెండు చేతులూ ముందుకి పెట్టి ఆయన చెయ్యి అందుకోబోయాడు.

"తెలుసు" అన్నాడు చియా.

హర్‌చరణ్ తలెత్తాడు. "ఏం తెలుసు?"

"ఇతను చక్రాలు మార్చినట్టు. మొదట్నించీ తెలుసు."

"తెలిసీ నేరం ఒప్పుకుంటానన్నారా? అప్పుడే నాకు ఒక్క మాట చెప్పి ఉంటే, కేసే ఉండేది కాదు కదా! ఎందుకు చెప్పలేదు?"

చియా కాఫీ కప్పు కొంచెం పక్కకి జరిపాడు. ఆయన వేళ్ళ సందుల్లో నలుపు ఇంకా పూర్తిగా పోలేదు.

"చిక్గు నాకు ఫోన్ చేసింది" అన్నాడు. "గురువారం సాయంత్రం, ఆరున్నర దాటింది. షట్టరు దించేశాను. చేతులు కడుక్కుని అన్నం ముందు కూర్చున్నాను. తౌకే, గోపెంగ్ వెళ్తే మీటరు కిలోమీటరున్నర తక్కువ చూపిస్తోంది, మలుపులో ఎడమ పక్క గరగరమంటోంది, ఏమై ఉంటుందీ అంది. ఎవరైనా చక్రాలు మార్చారా అన్నాను. నవ్వింది. మా తమ్ముడు, షో ఉందని తీసుకెళ్ళాడు, వాణ్ణి ఏమీ అనకండి అంది."

హైరిల్ గోడకి ఆనుకున్నాడు.

"టైరు మీద అంకెలు చదవమన్నాను. చదివింది. ముప్పై ఎనిమిదేళ్ళ నుంచి ఈ పని చేస్తున్నాను. ఆ అంకెలు చెవిన పడగానే ఆ టైరు లోపల ఎక్కడ తగులుతుందో నాకు కళ్ళకి కట్టినట్టు కనపడింది. ఆమె పాత చక్రాలు కింద నా దగ్గరే ఉన్నాయి. వాళ్ళిల్లు ఇక్కడికి పది నిమిషాలు. మార్చడం పావుగంట పని. నేనేమన్నానో తెలుసా? మెల్లిగా తోలండి చిక్గు, శనివారం పట్రండి అన్నాను. చేతులు కడిగేసుకున్నాను కదా, మళ్ళీ ఎవరు దిగుతారని."

"తౌకే, అది నేరం కాదు" అన్నాను. "మీరు చేసిన పని కాదు అది. మీరు బిగించిన చక్రాలే కావు."

"ఇంకా అవలేదు, సహార్. విను."

బయట ఎవరిదో మోటారుసైకిలు చప్పుడు చేసుకుంటూ పోయేదాకా ఆగాడు.

"ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున షట్టరు ఎత్తగానే, వెళ్ళి నేనే మార్చి వద్దామనిపించింది. ముందు ఇంట్లో ఉందో లేదో కనుక్కుందామని ఫోన్ చేశాను. ఎత్తింది. వెనక గాలి చప్పుడు. ఎక్కడున్నారు చిక్గూ అంటే, కొండెక్కుతున్నాను తౌకే, చెప్పండి అంది. కొండ మీద మలుపులన్నీ స్టీరింగు మొత్తం తిప్పాల్సినవే కదా. ఆపండి, ఆపండి అని అరిచాను. ఏమిటీ అంది. బండి పక్కకి తిప్పి ఆపేయండి, ఇప్పుడే ఆపేయండి అన్నాను."

హర్‌చరణ్ పెన్ను కాయితం మీద ఆగిపోయింది. "ఎన్నింటికి చేశారు?"

"ఎనిమిదీ ఇరవై నాలుగు."

హర్‌చరణ్ నా వైపు చూశాడు. ఆమె వెనక వస్తున్న కూరగాయల లారీ డ్రైవరు పోలీసులకి ఫోన్ చేసింది ఎనిమిదీ ఇరవై అయిదుకి. ముందు కారు ఉన్నట్టుండి ఎడమకి తిరిగిందని, ఎందుకు తిరిగిందో అర్థం కాలేదని చెప్పాడు. మేమిద్దరం ఆ వాంగ్మూలం చదివాం. టైరు పగిలి తిరిగిందని రాసుకున్నాం. ఆమె ఫోను లోయలో దొరకలేదు. అది ఎవరెవరితో మాట్లాడిందో తెప్పించి చూడాలని మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

"సరే తౌకే అంది" అన్నాడు చియా. "ఎప్పట్లాగే, మర్యాదగా. పక్కకి తిప్పింది. టైరు పగిలిన చప్పుడు నాకు వినపడింది. ఆ తర్వాతదీ వినపడింది. లైను తెగేదాకా విన్నాను."

హైరిల్ గోడ వదిలి వచ్చి బల్లకి అవతల కూర్చున్నాడు. చియా లేవబోయి, లేవలేక, బల్ల మీదుగా చెయ్యి చాపి ఆ కుర్రాడి భుజం అందుకున్నాడు.

"నేను ఫోన్ చెయ్యకపోతే పైదాకా చేరేదేమో. రోడ్డు వెడల్పుగా ఉన్న చోట ఆగేదేమో. చేరకపోయేదేమో. నాకు తెలీదు. రోజూ లెక్క వేస్తున్నాను, తేలడం లేదు." ఆయన నా వైపు తిరిగాడు. "పక్కకి తిప్పమన్నది నేను, సహార్. నా మాట వినే తిప్పింది. ఇది రాస్తావా? రాస్తే ఎలా రాస్తావు?"

హర్‌చరణ్ రాస్తున్న కాయితాన్ని మెల్లిగా బోర్లించాడు. చియా, హర్‌చరణ్ ఇద్దరూ నా వైపే చూస్తున్నారు.